మిషన్‌కు ఏసీ, మామ్మకు విసనకర్ర

మే నెలలో, అదీ బెజవాడలో, డబ్బు పోసి హీటర్ కొన్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? మా పక్కింటి కుర్రాడు కొన్నాడు. హీటరంటే ఒప్పుకోడు. బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్ అనాలి. పేరు యాంట్‌మైనర్ ఎస్19, తాగే కరెంటు 3250 వాట్లు. లోపలికెళ్లిన కరెంటంతా లెక్కలు చేసి చేసి చివరికి వేడిగాలై బయటికొస్తుంది. రోజుకు 78 యూనిట్లు. ఇంటి మీటరు మీద నెల తిరిగేసరికి బిల్లు ఇరవై వేలు దాటుతుంది.

ఆ వేడిని గదిలోంచి తోడెయ్యాలంటే అచ్చంగా దానికే ఒక టన్ను ఏసీ కావాలి. టన్ను అంటేనే మూడున్నర కిలోవాట్ల వేడిని బయటికి గెంటే సత్తా. అంటే డబ్బిచ్చి వేడి కొనుక్కోవడం, మళ్లీ డబ్బిచ్చి దాన్ని వీధిలోకి తోలడం. వీధిలో అప్పటికే 44 డిగ్రీలు. ఉన్న ఒక్క ఏసీ మిషన్ గదికి పోయింది కాబట్టి మామ్మ తాటాకు విసనకర్ర పట్టుకుని వరండాలోకి మారింది. నాలుగు ఫ్యాన్లు కలిసి 75 డెసిబెల్స్ మోత. ఆ ఇంట్లో కంటినిండా నిద్రపోతున్నది తాతగారొక్కరే. రాత్రి కాగానే వినికిడి మిషన్ తీసి పక్కన పెట్టేస్తారు.

ఏసీకి ముందు కూలర్ పెట్టి చూశాడు. అనంతపురం లాంటి పొడి ఊళ్లో అయితే కొంత నయమేమో గానీ, కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో కూలర్ ఇచ్చేది తడిగాలి. బోర్డుల మీది దుమ్ము తడిసి ముద్దయింది. మామ్మ వట్టివేళ్ల తడికలు కట్టమంది, అదీ తడిబాపతే. చివరికి వేడిగాలిని లావుపాటి గొట్టంతో కిటికీలోంచి బయటికి వదిలాడు. ఇది మాత్రం సరైన పద్ధతే. వచ్చే గాలీ పోయే గాలీ కలవకూడదు. కాకపోతే ఆ కిటికీ మా వంటింటికి ఎదురు. మా ఆవిడ పోట్లాడలేదు, గొట్టం కింద గుమ్మడి వడియాలు పెట్టింది. కాకుల బెడద లేదు, సాయంత్రానికి గలగలలాడుతున్నాయి. ఈ మొత్తం వ్యాపారంలో ఇప్పటిదాకా లాభం కళ్లజూసింది ఆవిడే.

ఇప్పుడు వాడి చూపు నూనె మీద పడింది. ఫ్యాన్లు పీకేసి, కరెంటు పారని నూనెలో మిషన్‌ను నిలువునా ముంచేస్తారు. అచ్చం ఆవకాయ జాడీయే. “ముక్క మునిగేదాకా పొయ్యరా, లేకపోతే బూజు పడుతుంది,” అంది మామ్మ. ఆ నూనె కాగితే చల్లార్చడానికి మళ్లీ పంపూ, రేడియేటరూ, వాటికి కరెంటూ.

ఇంతా చేస్తే రాబడి చూడబోతే, 2024 ఏప్రిల్‌లో మైనింగ్ చేసేవాళ్లకు ఒక్కో బ్లాకుకిచ్చే బహుమతి 6.25 కాయిన్ల నుంచి 3.125కు పడింది. ఎండ మాత్రం సగానికి తగ్గలేదు. మన దగ్గర 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. మైనింగ్ ఏర్పాట్లకు పెట్టిన ఖర్చును అందులోంచి మినహాయించబోమని ప్రభుత్వం లోక్‌సభలోనే చెప్పేసింది. మిషన్ చల్లగా ఉందా లేదా అన్నది సర్కారుకు పట్టని సంగతి.

తెలివంటే టెక్సస్‌లో మైనింగ్ చేసే రయట్ కంపెనీది. 2023 ఆగస్టు ఎండల్లో గ్రిడ్ మీద భారం పెరిగినప్పుడల్లా మిషన్లు ఆపుకుంది. అలా ఆపి కరెంటు వదులుకున్నందుకు ఆ ఒక్క నెలలో దానికి దక్కింది 3.17 కోట్ల డాలర్లు. అదే నెల తవ్విన 333 కాయిన్లు అప్పటి ధరకు కోటి డాలర్లు కూడా చెయ్యవు.

ఈ సంగతి నేను చెప్పకుండా ఉండాల్సింది. “అయితే బాబాయ్, మనకు రోజూ పెడుతున్న రెండు గంటల కోతకు నాకెంత రావాలి?” అంటూ కుర్రాడు అర్జీ పట్టుకుని కరెంటాఫీసుకు బయల్దేరాడు. అక్కడి అధికారి అర్జీ పూర్తిగా చదివి, ఇంటి కనెక్షన్‌కు ఇంత లోడేమిటని అడిగాడట. రేపు తనిఖీకి వస్తున్నారు.