నిప్పు లేని జాబితా

చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్లే దారికి కాస్త లోపలగా ఉన్న ఊరది. పేరు చెప్పను. ఏప్రిల్ గ్రామసభలో డ్రెయిన్లు, వీధి దీపాల గొడవ ముగిశాక వెనక బెంచీ మీంచి ఒక పెద్దాయన లేచారు. అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఊరందరికీ ఫైరు బాబాయే.

"సెక్రటరీ గారూ, ఒక్క తీర్మానం రాయండి. ఇళ్లకు ఆనించి గడ్డివాములు వేయకూడదని. పడమటి గాలి మొదలైపోయింది. మన ఊళ్లో కొన్నిచోట్ల వామికీ చూరుకీ మధ్య మనిషి పట్టే సందు కూడా లేదు."

సెక్రటరీ కుర్రాడు, మర్యాదస్తుడు. "రాయమంటే రాస్తాను బాబాయ్ గారూ. అమలు చేయలేను. నిప్పు సంగతి పంచాయతీ అధికారంలో లేదండీ."

అతను అబద్ధం చెప్పలేదు. 1992 నాటి రాజ్యాంగ సవరణలు పల్లెలకు పదకొండో షెడ్యూలులో 29 అంశాలు, పట్టణాలకు పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు పంచిపెట్టాయి. అగ్నిమాపక సేవలు పట్టణాల జాబితాలో ఏడోది. పల్లెల జాబితాలో ఆ మాటే లేదు. రాష్ట్రానికి 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ఉంది. అది 18 మీటర్లు దాటిన అపార్టుమెంటుకీ, 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనానికీ, ఆరు మీటర్ల ఎత్తో 500 చదరపు మీటర్ల స్థలమో దాటిన బడికీ, సినిమా హాలుకీ, ఫంక్షన్ హాలుకీ ఎన్‌వోసీ ఉండాలంటుంది. వంగి లోపలికి వెళ్లాల్సిన తాటాకు పాక ఏ టేపుతో కొలిచినా ఆ లెక్కలోకి రాదు. మా వైపు వేసవిలో తగలబడేవి మాత్రం అవే. ఇన్నేళ్లలో దీన్ని ఎవరూ సరిచేయకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

బాబాయ్‌కి ఇదంతా తెలుసు. జేబులోంచి మడతపెట్టిన జిరాక్సు కాగితం తీశారు.

"ఆ 29లో పన్నెండోది చదవండి. ఇంధనం, పశుగ్రాసం అని లేదూ? నిప్పు మీది కాకపోతే పోనీండి, గడ్డి మీదే కదా. గడ్డిని జరిపించండి. నిప్పు గురించి ఇంక అడగను."

సభలో గుసగుసలు లేచాయి. సర్పంచ్ గారు సర్దిచెప్పారు. "ఉన్నదే రెండు సెంట్లు. పాడి ఉన్నవాళ్లు గడ్డి ఇంటి పక్కన కాక ఎక్కడ వేసుకుంటారు బాబాయ్?" అదీ నిజమే. అయితే ఊరి చివర కాస్త ఉమ్మడి జాగా చూపించాల్సింది కూడా పంచాయతీయే.

"2004లో కుంభకోణం బళ్లో 94 మంది పిల్లలు కాలిపోయాక గానీ బడి మీది ఆకుల కప్పు ఎవరి కంటా పడలేదు. మనం దేనికోసం ఆగాలండీ?" అన్నారు బాబాయ్. జవాబు రాలేదు. మినిట్సులో మాత్రం 'పై అధికారులకు నివేదించడమైనది' అని రాసుకున్నారు.

మే నెల, మిట్టమధ్యాహ్నం. గాలికి కరెంటు తీగలు రాసుకుని ఒక వామి మీద నిప్పురవ్వలు పడ్డాయి. అక్కణ్ణుంచి చూరుకు ఎంతసేపు! ఎండు తాటాకు పెళపెళమంటూ లేచి గాల్లోనే మండుతూ పక్క కప్పు మీద పడేది. కప్పు కూలిపోయాక కూడా నిట్రాట ఒక్కటీ నిలబడి కాలుతూనే ఉంది. 101కి ఫోన్ చేస్తే ఫైరింజను వచ్చింది గానీ సందులో పట్టలేదు. దూరం నుంచే పైపులు లాగారు. ట్యాంకు ఖాళీ అయింది. కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి మళ్లీ నింపుకోవడానికి మంచినీళ్ల చెరువు దాకా పోవాల్సి వచ్చింది. మనుషులు బతికారు. నాలుగు పాకలు, ఒక సూడి గేదె పోయాయి.

తహసీల్దారు వచ్చి బియ్యం, టార్పాలిన్లు ఇప్పించారు. మొదట అంటుకున్న పాక ఒక వితంతువుది. టార్పాలిన్ వేసుకోవడానికి చోటు కావాలని, కాలిన సామానంతా ఈడ్చి ఇంటి ముందు రోడ్డు వారన పోగేసింది.

వారం తిరక్కుండా పంచాయతీ బిల్ కలెక్టర్ ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చి వెళ్లాడు. పట్టుకుని పరుగున వచ్చింది. "బాబాయ్ గారూ, ఇల్లు శాంక్షనైనట్టుంది, చదివి పెట్టండి."

బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని చదివి, అడుగున సెక్రటరీ సంతకం దాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చారు.

"ఏముందండీ?" అంది.

ఆయన గట్టిగా చదివారు.

"మీరు పంచాయతీ రోడ్డుపై కాలిన వాసాలు, తాటాకులు, మిగిలిన వరిగడ్డి పోగు చేసినందున చుట్టుపక్కల ఇళ్లకు అగ్నిప్రమాదం పొంచి ఉన్నది. మూడు రోజులలో తొలగించని యెడల పంచాయతీ తనకు గల అధికారముల మేరకు జరిమానా విధించును."