కింది సెట్టు మీద నా ఫిర్యాదు

మా ఇంట్లో నా కట్టుడు పళ్ళ సెట్ల మీద నాకు తప్ప అందరికీ అభిప్రాయాలున్నాయి. మా ఆవిడ సెట్టు అంటించే పేస్టు ఇంకాస్త దట్టంగా పట్టించమంటుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి, "అక్కడి ట్యూబులు పనికిరావు నాన్నగారూ, ఇక్కడివి పంపిస్తాను" అంటాడు. అల్లుడుగారు ఇంకో మెట్టు ఎక్కారు. కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేసి వాటి మీద సెట్టు తగిలించడమే మొదటి మార్గమని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు తేల్చారని ఫోన్లో చదివి వినిపించారు. అంతా చదివారు గాని, బిల్లు పేరా మాత్రం వినిపించలేదు.

ఇందరు మాట్లాడుతుంటే, అసలు బాధితుణ్ణి నేను నోరు మూసుకు కూర్చోవడం న్యాయం కాదు. మూసుకుంటే కింది సెట్టు కాస్త కుదురుగా ఉండే మాట నిజమే, అయినా చెబుతాను.

పై సెట్టు మీద నాకు ఏ కక్షా లేదు. అంగిలంతా పరుచుకుని, పల్చటి ఉమ్మి పొర ఆసరాతో కరుచుకుని, తన పని తాను చూసుకుంటుంది. దానికి కూర్చోవడానికి సుమారు 23 చదరపు సెంటీమీటర్ల చోటుంటుందట. కింది దానికి 12. సొంత పళ్ళున్న రోజుల్లో ఒక్కో దవడలో వేళ్ళు పట్టుకునే మేర 45 అని పుస్తకాల్లో రాశారు. పోనీ ఆ పన్నెండులోనైనా ప్రశాంతంగా ఉండనిస్తారా? ఒక పక్క బుగ్గ తోస్తుంది, ఇంకో పక్క నాలుక ఎత్తుతుంది. నా నాలుక సంగతి మా ఆవిడనడగండి, ఊరుకునే సరుకు కాదు.

ఆ చోటు కూడా రోజురోజుకీ తరుగుతోంది. పళ్ళు పీకించాక దవడ ఎముక కరగడం మొదలెడుతుంది. మొదటి ఏడాది ఎక్కువ, ఆ తరవాత నిదానంగా, కాని ఆగకుండా. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు పాతికేళ్ళ ఎక్స్‌రేలు ముందేసుకుని 1972లో లెక్క తేల్చింది: కింది దవడ గట్టు పై దానికి దాదాపు నాలుగింతలు తరుగుతుందని. మాది కోనసీమలో లంక ఊరు, ఇది నాకు కొత్త సంగతి కాదు. గోదారి కోతకి గట్టు ఏటా జారిపోతూనే ఉంటుంది, పట్టా కాగితంలో మాత్రం తాతల నాటి ఎకరాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. నా కింది సెట్టు ఆ పట్టా కాగితమే. అందులో రాసిన దవడ ఇప్పుడు లేదు.

సెట్టుకీ దవడకీ మధ్య మిగిలిన ఈ సందులోకి వచ్చి కూర్చుంటుంది పేస్టు. దాని కిటుకు పెద్దదేం కాదు. తడి తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బి ఖాళీ నింపుతుంది, జిగురెక్కి పట్టుకుంటుంది. ఇప్పటి క్రీముల్లో రసాయనాలు వేస్తున్నారు గాని, మొదట్లో పొడుల నిండా చెట్ల బంకలే. వాటిలో ఒకటి మన తపసి బంక! మారేడుమిల్లి, రంపచోడవరం కొండల్లో తెల్ల బెరడు చెట్టుకి గాటు పెడితే కారి గడ్డకట్టే బంక. విశాఖలో 1956 నుంచీ ఉన్న గిరిజన సహకార సంస్థ కొనే సరుకు, ఓడలెక్కి దేశాలు దాటే సరుకు. పాత పొడి డబ్బా మూత తీస్తే గుప్పుమనే పుల్లటి వెనిగర్ వాసన దానిదే. ఎండలో కొండెక్కి గాటు పెట్టినవాడికి కిలోకింత అని ముట్టింది. నేను మాత్రం అలాంటి సరుకుని చిటికెల లెక్కన కొనుక్కుంటున్నాను.

పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. తుమ్మితే సెట్టు ఊడి పళ్ళెంలో పడే గండం తప్పింది. కాని పట్టుకోవడం వేరు, నమలడం వేరు. ఈ తేడా ట్యూబు మీద రాయరు. మొత్తం కట్టుడు పళ్ళవాళ్ళ కొరుకుడు బలం సొంత పళ్ళవాళ్ళతో పోలిస్తే నాలుగో వంతో, అయిదో వంతో. వేరుశెనగ పలుకులు నమిలించి, ఉమ్మించి, జల్లెడ పట్టి, ఎంత నలిగిందో తూచే శాస్త్రమొకటి 1950 నుంచీ నడుస్తోంది. పలుకులు నమిలినవాళ్ళకి మింగే భాగ్యం కూడా లేకపోయింది పాపం. ఇలాంటి పరీక్షల్లో తేలిందేమిటంటే, పేస్టు పెడితే సెట్టు లేవడం తగ్గుతుంది, ముందు పళ్ళతో కాస్త ధైర్యంగా కొరకొచ్చు. నమిలిన ముద్ద మెత్తబడటమంటారా, ఒకరికి బాగా, ఒకరికి అంతంతమాత్రం.

నాది ఆ రెండో రకం. జామకాయ సంగతే చూడండి. ముందు పళ్ళతో కొరికితే వెనకవైపు సెట్టు పైకి లేస్తుంది. లేచిన ఆ లిప్తలో ఒక్క గింజ లోపలికి దూరుతుంది. చూడ్డానికి చిన్నదే, చిగురుకీ ప్లాస్టిక్కుకీ మధ్య పడిందంటే తరవాతి ప్రతి నములుడుకీ నడినెత్తిన చుక్కలు కనిపిస్తాయి. పెళ్ళిలో పక్కవాడు పలకరిస్తున్నాడు, మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. పెళ్ళికూతురి మీద ఎంత ప్రేమో అనుకుంటాడు.

ఇక దట్టంగా పట్టించమనే సలహా. శనగగింజంత బొట్లు రెండో మూడో చాలునని డాక్టరుగారు చెబితే, మా ఆవిడ గోడకి సున్నం వేసినట్టు వేస్తుంది. "అది జిగురే, జున్ను కాదు" అంటే వినదు. పైనా కిందా రెండు సెట్లున్నవాళ్ళకి 68 గ్రాముల ట్యూబు ఏడెనిమిది వారాలు రావాలని అమెరికా మందుల నియంత్రణ శాఖ చెప్పింది. ఊరికే చెప్పలేదు. కొన్ని క్రీముల్లో జింకు ఉండేది. ఏళ్ళ తరబడి ట్యూబులకి ట్యూబులు వాడినవాళ్ళకి ఒంట్లో రాగి పడిపోయి, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతిన్నాయి. 2010లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీ జింకు కలిపిన తన క్రీములు మానేసింది. ఈ వార్త చదివి వినిపిస్తే మా ఆవిడ, "మీ ట్యూబులో జింకు లేదని అట్ట మీద రాసుందిగా" అంది. చదువుకున్న భార్యతో వచ్చే చిక్కే ఇది.

రాత్రి సంగతి మరీ ఘోరం. మధ్యాహ్నం పప్పన్నం ముందు పట్టు సడలించిన పేస్టు, పడుకోబోయేముందు తీయబోతే మాత్రం చిగుళ్ళని వదలదు. గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించాలి, గాజుగుడ్డ వేలికి చుట్టి తుడవాలి. అయినా సాగుతూనే ఉంటుంది.

మొన్న డాక్టరుగారు సెట్టు వేలితో అటూ ఇటూ ఊపి చూసి, "మాస్టారూ, జిగురు మార్చినంత మాత్రాన లాభం లేదు. ఇప్పటి దవడ కొలతకి రీలైన్ చేయిద్దాం" అన్నారు. సబబైన మాటే. కాని సెట్టు ల్యాబుకి పోయి వచ్చేదాకా నోరు ఖాళీ. ముందున్నవన్నీ ముహూర్తాల రోజులు, బంధువుల ఇళ్ళల్లో నాలుగు పెళ్ళి కార్డులు ఉన్నాయి. అవి కానివ్వండి, చూద్దామన్నాను. అందాకా మా ఇంట్లో ఆవకాయ పంపకం ఇలా కుదిరింది: ముక్క ఆవిడది, ఊట నాది.