చేపతొట్టి పద్యం: సటీకా తాత్పర్యం

అవతారిక

హాల్లో టీవీ పక్కనున్న చేపతొట్టి అద్దానికి సెలోటేపుతో అంటించిన కాగితం మీద ఈ ఆటవెలది లభించినది. కవి ఎవరో తెలియరాదు. ఇంటి యజమాని అని కొందరందురు. ఆయన తొట్టివైపు ఎన్నడూ తొంగి చూచిన దాఖలా లేదు గనుక ఇల్లాలే అని మరికొందరి వాదము. కాలనిర్ణయానికి ఆధారం ఒక్కటే: తొలివిడత చేపలు పోయిన తరవాత గాని ఏ ఇంటిలోనూ ఇట్టి పద్యం పుట్టదు.

చేపతొట్టి నీళ్ళు చెడకుండ జూచుకో
చుక్కమందు వేసి చూడవలయు
పాత నీట పావు పారబోసినయంత
కొత్త నీరు పోయు కూర్మితోడ

టీక

చేపతొట్టి = రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల గాజుపెట్టె యొక్క (అంచుదాకా నింపినచో 56 లీటర్లు; గులకరాళ్ళూ, ప్లాస్టిక్ కోటా, నోరు తెరిచి బుడగలు వదిలే మొసలీ ఆక్రమించినది పోను మిగిలినది చేపలకు); నీళ్ళు = జలము; చెడకుండన్ = పాడు కాకుండునట్లు. ఇచ్చట చెడుట యనగా రంగు మారుట కాదు. అమ్మోనియాకు రంగు లేదు. చేపను చంపునంత ఉన్ననూ మన ముక్కుకు అందదు. కనుక 'నీళ్ళు అద్దంలా ఉన్నాయే!' అని సోఫాలోంచి చుట్టాలు చెప్పు మాట ప్రమాణం కాదు. చూచుకో = కనిపెట్టి ఉండుము. చేపలు కావాలని ఏడ్చినది పిల్లలు. ఈ ఆజ్ఞ మాత్రం పెద్దలకు.

చుక్కమందు = పరీక్షపెట్టెలోని సీసాల మందును; వేసి = 5 మిల్లీలీటర్ల తొట్టినీరు పట్టిన గాజుగొట్టంలో వేసి. 'దేనిలో' అన్న మాట గణాలకు పట్టక కవి వదలివేసెను. దానివలన తొట్టిలోనే వేయవలెనని అర్థం చెప్పినవారు కలరు. వారి చేపలు ఆ అర్థాన్ని సమర్థించలేదు. చూడవలయున్ = 5 నిమిషాలాగి, గొట్టంలోని రంగును రంగుల అట్టతో పోల్చి చూడవలెను. సాధారణంగా దొరికే కిట్లలో అమ్మోనియాకు పసుపు నిలిచిన శుభము, ఆకుపచ్చకు తిరిగిన అశుభము. నైట్రైటుకు ఆకాశనీలం శుభము, ఊదా అశుభము. నైట్రేటుకు పసుపు మంచిది. ఎరుపెక్కిన కొలదీ బకెట్టు వెదుకవలెను. ఈ మూడవ పరీక్షలో రెండో సీసా మందు అడుగున పేరుకొని ఉండును, అర నిమిషం గట్టిగా కుదపవలెను. కుదపనివానికి ఎప్పుడూ పసుపే కనబడును, అతడు హాయిగా నిద్రించును. ట్యూబులైటు కింద చూచినచో అది నిమ్మపండు పసుపా, లేత ఆకుపచ్చా అని దంపతుల మధ్య విచారణ సాగును. కిటికీ దగ్గర పగటి వెలుగే మధ్యవర్తి.

పాత నీటన్ = పాత నీటిలో; పావు = నాల్గవ వంతును; పారబోసినయంత = ఎంత పారబోయుదువో అంతయే; కొత్త నీరు = ఎదురుగానున్న కుళాయి నీరు కాదు, విశేషం చూడుడు; కూర్మితోడన్ = ప్రేమతో; పోయు = పోయుము.

తాత్పర్యం

ఓ గృహస్థుడా! చేపల విసర్జనమూ, తినక మిగిలిన మేతా కలిసి అమ్మోనియా అగును. ఫిల్టరు స్పంజిలో కాపురమున్న సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగానూ, నైట్రైటును నైట్రేటుగానూ మార్చును. కొత్త తొట్టిలో ఈ కాపురం కుదురుటకు నాలుగు నుండి ఆరు వారాలు పట్టును. కుదిరిన పిమ్మట మొదటి రెండూ సున్నా చూపవలెను. మూడవది పోగగుచునే ఉండును. మొక్కలున్న కొంత తినును, తక్కినది నీవే మోయవలెను. 40 పీపీఎం దాటనీయకుము.

విశేషం

పద్యానికి ప్రాణం 'పావు'. తక్కిన పదాలు ఎవరైనా రాయగలరు.

నెలల తరబడి తొట్టి ముట్టని గృహస్థుడు ఒక ఆదివారం ఉన్నట్టుండి నడుం బిగించి, ముప్పాతిక నీళ్ళు తోడి, రాళ్ళు తోమి, స్పంజిని కుళాయి కింద పిండి, బోరునీరు నింపును. సాయంత్రానికి చేపలు తేలగా 'కడిగినందుకే చచ్చాయి' అని వాపోవును. ఇరుగుపొరుగు నవ్వుదురు గాని అతడు చెప్పినది అక్షరాలా నిజము. ఎట్లనిన: సూక్ష్మజీవులు పనిచేయుచు నీటిలోని కార్బొనేటులను హరించును. అవి తరిగిన కొలదీ నీరు పులిసి పీహెచ్ ఆరు దాకా జారును. ఆ పులుపులో సూక్ష్మజీవులే మందగించగా అమ్మోనియా పేరుకొనును. అయినను అది అమ్మోనియం అను సాధురూపంలో ఉండుటచే చేపలు ఓర్చుకొనును. ఇంతలో ఎనిమిది పీహెచ్ గల బోరునీరు వచ్చి పడును. పీహెచ్ ఒక అంకె పెరిగిన విషరూపం సుమారు పదింతలు, రెండంకెలు పెరిగిన సుమారు నూరింతలు. ముప్పాతిక నీరు తీసివేసినను, మిగిలిన పావులోని సాధువే లేచి మునుపటికి పాతికింతల విషమై కూర్చుండును. విరుగుడు చేయవలసిన స్పంజి కాపురం అంతకుముందే కుళాయి కింద కొట్టుకుపోయినది.

అందుచేత వారం వారం పావు. పై తొట్టికి అది ఒక బకెట్టు. స్పంజిని ఆ తోడిన పాత నీటిలోనే పిండి, పిమ్మట పారబోయవలెను.

కొత్త నీటి సంగతి. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలవలెను. అది మనకు రోగం తెచ్చు క్రిములకు ఉద్దేశించినది. స్పంజిలోవి మనవాళ్ళేనని దానికి తెలియదు. వెడల్పాటి బకెట్టులో ఒక రోజు నిలవ ఉంచుట పాత పద్ధతి, దుకాణంలో అమ్ము యాంటీక్లోరిన్ వేయుట తొందరవారి పద్ధతి. బోరునీట ఆ బెడద లేదు గాని నైట్రేటు ముందే ఉండవచ్చును. మనం తాగు నీటిలోనే లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా అదే ప్రమాణం ఒప్పుకొనుచున్నది. చుక్కమందు బకెట్టులోని నీటికిని వేసి చూచినవాడే ఈ పద్యం చదివినవాడు.

పాఠాంతరం

కొన్ని ఇళ్ళలో నాల్గవ పాదం 'కొత్త నీరు పోయ పోవు కూర్మి' అని కనబడుచున్నది. యతి చెడినది గాని అర్థం చెడలేదు: బకెట్లు మోయగా మోయగా ప్రేమ తరుగునని భావము. తొట్టి వచ్చిన వారంలో ఇంటిల్లిపాదీ చేపలకు పేర్లు పెట్టి, పూటపూటా మేత చల్లుదురు. మూడో నెలకు తొట్టి మూత మీద ఇస్త్రీ బట్టలుండును. మొదటి పాఠమే సాధువని పండితుల మతము. చేపల మతం వేరు: కూర్మి పోయిన ఇంట మేత రోజుకొక చిటికెడు మాత్రమే పడును, అమ్మోనియా గొట్టంలో పసుపు నిలుచును.