జీతం ఎవరిచ్చారు?

ఇంగ్లిష్ కవి స్టీఫెన్ స్పెండర్ 1953లో లండన్‌లో మొదలైన ‘ఎన్‌కౌంటర్’ పత్రికకు సంపాదకుడయ్యారు. ఆయనతో పాటు ఒక అమెరికన్ సంపాదకుడు కూడా ఉండేవారు. మొదట ఇర్వింగ్ క్రిస్టల్, కొన్నేళ్లకు మెల్విన్ లాస్కీ. పత్రిక వెనక ఉన్నది పారిస్‌లోని ‘కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడం’. సోవియట్ నియంతృత్వాన్ని ఎదిరించి రచయితల స్వేచ్ఛను కాపాడతామంటూ దేశదేశాల్లో సదస్సులు పెట్టించి, పత్రికలు నడిపించిన మేధావుల సంస్థ అది. నిస్సిం ఎజెకీల్ సంపాదకుడిగా 1955లో బొంబాయిలో వచ్చిన ‘క్వెస్ట్’ కూడా ఆ నీడన పుట్టిందే.

మరి డబ్బెవరిది? అమెరికాలోని ఫార్‌ఫీల్డ్ ఫౌండేషన్‌ది అన్నారు. దాని పెద్ద జూలియస్ ఫ్లైష్‌మన్, తాతల నాటి ఆస్తి ఉన్నవాడు, కళలంటే ఇష్టమున్నవాడు. అది సీఐఏ సొమ్మని గుసగుసలు వినిపించాయి. స్పెండర్ ఊరుకోలేదు, అడిగారు. కాదన్నారు. నమ్మారు.

1966 ఏప్రిల్‌లో ఆ గుసగుసే న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయింది. క్రిస్టల్, లాస్కీ, స్పెండర్ ముగ్గురూ సంతకాలు చేసి ఆ పత్రికకు ఉత్తరం రాశారు: మేం ఎవరి ప్రచారానికీ పనిముట్లం కాము, మా పత్రికకు మేమే యజమానులం అని. ఇవాళ విధాన పరిశోధన సంస్థలను మీ దాతల జాబితా బయట పెట్టండి అంటే వచ్చే జవాబు కూడా ఇదే: మా రాతల మీద ఎవరి ఒత్తిడీ లేదు. స్పెండర్ ఆ మాట మనసా వాచా అన్నారు. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1958లో, డ్వైట్ మెక్‌డొనాల్డ్ అమెరికా సమాజాన్ని ఎండగడుతూ రాసిన వ్యాసాన్ని ‘ఎన్‌కౌంటర్’ ముందు తీసుకుని, తర్వాత వేయనంది. సంపాదకుడి నిజాయితీ ఎంత గట్టిదైనా దాత పేరుకు బదులు కాలేదు. పేరు తెలిసి ఉంటే ఆ వ్యాసం ఎందుకు ఆగిందో పాఠకుడే అడిగేవాడు.

1967లో ముసుగు తొలగింది. ఉత్తుత్తి ధర్మసంస్థల గుండా సీఐఏ డబ్బు ఎలా పారుతోందో ‘రాంపార్ట్స్’ పత్రిక బయటపెట్టింది. సీఐఏ మాజీ అధికారి టామ్ బ్రేడెన్ అయితే, మా మనిషి ఒకరు ‘ఎన్‌కౌంటర్’లో సంపాదకుడు కూడా అయ్యారని గర్వంగా రాసుకున్నారు. లాస్కీ తనకు కొన్నేళ్లుగా తెలుసని ఒప్పుకున్నారు. స్పెండర్, అప్పటికి లాస్కీతో పాటు సంపాదకుడిగా ఉన్న ఫ్రాంక్ కెర్మోడ్ రాజీనామా చేశారు.

ఇంత జరిగినా స్పెండర్‌కు ఒక ఊరట మిగలాలి. ఆయన జీతం అమెరికా వాటాలోంచి వచ్చేది కాదు. దాన్ని ఇంగ్లండ్‌లోని దాతలే ఇస్తున్నారని చెప్పారు. సొంత దేశపు పెద్దమనుషులు సాహిత్యం మీద ప్రేమతో ఇచ్చిన డబ్బు.

ఆ గొడవ రోజుల్లోనే లాస్కీ నోరు జారారని స్పెండర్ భార్య నటాషా తర్వాత చెప్పారు. అంత ధర్మాగ్రహం మీకెందుకు, ఇన్నేళ్లూ మీ జీతం ఇచ్చింది బ్రిటన్ విదేశాంగ శాఖే కదా అన్నారట.