సువార్త చెప్పేవారికి తలకిందుల సలహాలు

మామూలుగా ఎవరూ ఇవ్వని సలహాలివి. ఉంగుటూరు చుట్టుపక్కల మామిడి తోటల పల్లెల్లో కూటాలు పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు కాస్త ఓపిగ్గా వినండి.

ముందు మైకు కట్టేయండి. పందిట్లో కూర్చున్నవాళ్లకు వినపడితే చాలు. పక్క వీధిలో పరీక్షకు చదువుకునే పిల్లను, జ్వరంతో పడుకున్న ముసలాయన్ను ఇబ్బంది పెట్టి ప్రేమ గురించి చెబితే ఎవరు నమ్ముతారు?

నమ్మినవాళ్లు చేతులెత్తండి అని అడగొద్దు. కార్బైడ్ పెట్టిన కాయకు రంగొస్తుందే గానీ రసం రాదని నూజివీడు రైతుకు ఒకరు చెప్పాలా? పదిమంది చూస్తుంటే మొహమాటానికి లేచిన చెయ్యి కూడా అంతే.

నష్టమే ముందు చెప్పండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవారికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అలా మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం దీంతో ముడిపడి ఉన్నాయి. ఇది దాచి బాప్తిస్మం ఇవ్వడం మోసమే. అది తెలిసి కూడా ముందుకొచ్చినవాడిది సొంత నిర్ణయం.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. కష్టంలో ఉన్నవాడికి బియ్యమివ్వండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి, బాప్తిస్మం మాత్రం ఇవ్వకండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ చేసిందదే. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించాడు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం అడిగారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ సంఖ్యనే చెప్పుకుంటారు. నాకు మాత్రం దాని ముందు క్లౌ వద్దన్న నెలలే గొప్పవి.

ఎదుటివాడి దేవుణ్ణి తిట్టొద్దు, వాళ్ల గుడి మెట్ల దగ్గర కరపత్రాలు పంచొద్దు. వెతికేవాడు ఎంత దూరమైనా తానే వస్తాడు. మన పాత కృష్ణా జిల్లాలోనే రాఘవాపురం మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్య దేవుడి కోసం చాలాకాలం వెతికి, బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ను తానే కలుసుకున్నాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత తనవాళ్లకు చెప్పింది కూడా ఆయనే. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా మీరు ఉంటే చాలు.

ఇక వినేవారికి ఒక మాట. నచ్చకపోతే వద్దని మొహం మీదే చెప్పండి, పాస్టరుగారు నొచ్చుకుంటారేమో అనుకోకండి. నచ్చితే తొందరపడకండి. ఒక సువార్త పుస్తకం మొదటి నుంచి చివరిదాకా మీరే చదవండి, చదువు రాకపోతే పిల్లలచేత చదివించుకోండి. ఇంట్లో భార్యకు, భర్తకు, అమ్మానాన్నలకు చెప్పకుండా నీళ్లలో దిగకండి. వాళ్లు కోప్పడితే ఆ కోపం పూర్తిగా వినండి. అప్పటికీ మీ మనసు మారకపోతే, అప్పుడు పాస్టరుగారి దగ్గరికి మీరే వెళ్లి అడగండి.