మా రోజుల్లో తెప్పా లేదు, తాడూ లేదు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలో ఇంకో మీటింగు పెట్టారోయ్. దేనికనుకున్నావ్? మా వీధి కుర్ర దంపతులు మిషనరీలుగా ఒరిస్సా కొండల్లోకి వెళ్తున్నారు, వాళ్ళ పిల్లలిద్దర్నీ సిద్ధం చెయ్యడానికట! మా రోజుల్లో సిద్ధం చెయ్యడమంటే గుండు కొట్టించి, రేకుపెట్టె మీద పేరు రాయించడం. అంతే.

కౌన్సెలరమ్మ వచ్చి బోర్డు మీద రాఫ్ట్ అని రాసింది. అంటే తెప్పట. డేవిడ్ పోలాక్ అనే అమెరికా ఆయన కట్టిన తెప్ప. దానికి నాలుగు దుంగలు: గొడవలుంటే సర్దుకోవడం, మేలు చేసినవాళ్ళకి ఆ మాట చెప్పడం, అందరి దగ్గరా సెలవు తీసుకోవడం, వెళ్ళే చోటు గురించి ముందే ఆలోచించడం. పిల్లల చేత కుక్కకీ, జామచెట్టుకీ కూడా టాటా చెప్పించారు. నాకు నవ్వాగలేదు.

మా నాన్న సువార్తికుడు. ఏడో ఏట నన్ను మిషను బోర్డింగులో పడేశాడు. బస్సు దగ్గర ఆయన ప్రార్థన చేస్తుంటే కండక్టరుకి ఓపిక లేకపోయింది, ఆమేనూ ఈలా ఒక్కసారే వినపడ్డాయి. అదే నాకు జరిగిన వీడ్కోలు సభ.

తెల్ల మిషనరీ దొరల పిల్లలు మాత్రం ఏం సుఖపడ్డారు? వాళ్ళకోసం 1901లోనే కొడైకెనాల్లో బడి పెట్టారు, హైక్లర్క్ అనేవారు. ఆయా ఒళ్ళో తెలుగు నేర్చిన పసివాళ్ళు రైళ్ళు మారి, కొడై రోడ్డులో దిగి కొండెక్కేవారు. వేసవిలో దొరసానమ్మే పైకెళ్ళి వాళ్ళ దగ్గరుండేది. చలికాలం సెలవులకి వాళ్ళు దిగొస్తే కాంపౌండంతా పండగ. మళ్ళీ జనవరిలో బంగళా చిన్నబోయేది.

ఇలాంటి పిల్లలకి థర్డ్ కల్చర్ కిడ్స్ అని పేరు పెట్టింది రూత్ యూసీం అనే ఆవిడ. 1950ల్లో మన దేశంలో ఉన్న అమెరికన్లని చూశాకే ఆ మాట పుట్టించిందట. అప్పుడు నేనిక్కడే బోర్డింగులో జావ తాగుతున్నా. నన్నెవరడిగారు?

ఇప్పటి పిల్లలు రోజూ ఫోన్లో తాతయ్య మొహం చూస్తారు. ఇంక బెంగెక్కడ ముదురుతుందిరా? బెంగ పండాలంటే పోస్టుకార్డు ఉండాలి. అది నెలకొకటి రావాలి.

అదిగో, కార్డంటే గుర్తొచ్చింది. బయల్దేరిన పొద్దున బొంగరం కోసం తమ్ముణ్ణి కొట్టాను. వాడు ఏడుస్తుండగానే బస్సెక్కేశాను. నెల తిరిగాక నాన్న కార్డొచ్చింది. చీమల బారులాంటి అక్షరాలు, అన్నీ బుద్ధులే. చివర మూలన, చోటు చాలక అడ్డంగా, ఒక్క ముక్క: తమ్ముడు నీ బొంగరం దాచాడు. బావి వెనక్కెళ్ళి చదువుకున్నాను. అబ్బే, ఏడవలేదు. కంట్లో నలక పడింది. డెబ్బయ్యేళ్ళు కావస్తోంది, ఆ నలక ఇంకా పోలేదు.

ఆ తెప్పలో మొదటి దుంగ ఏమిటన్నాను? గొడవలు సర్దుకోవడం. హు, అమెరికా వాడు చెప్తేగానీ తెలియదా మనకి!

సరేలే. నీ ఇంట్లో పిల్లలెవరైనా ఊరు మారుతుంటే, పెట్టె సర్దేముందు ఆ బొంగరం సంగతేదో తేల్చు. కుక్కకి టాటా కూడా చెప్పించు, పోయేదేముంది? నేనన్నానని మాత్రం ఎక్కడా అనకు.