మూడో సీజన్ నుంచి అందుకుంటుంది

పెళ్ళిళ్ళలో రాజకీయాలు మాట్లాడేవాళ్ళని తప్పించుకోవచ్చు. "ఈసారి ఓటేశారా?" అని ఎదురడిగితే సగంమంది అక్కడే సర్దుకుంటారు. రియలెస్టేట్ వాళ్ళకి చేతిలో డబ్బు ఆడటం లేదంటే చాలు. సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లాయన పక్క కుర్చీలో పడ్డాడంటే మాత్రం పెరుగన్నం దాకా కదిలే ప్రశ్న లేదు. "ఇప్పటిదాకా ప్రపంచంలో వచ్చిన వాటిల్లోకెల్లా గొప్ప సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఏదంటావ్?" అంటాడు. జవాబు చెబితే ఖండిస్తాడు. చెప్పకపోతే తానే చెబుతాడు.

హైదరాబాదులో అపార్ట్‌మెంటుకి ఒకరు చొప్పున ఉంటారు వీళ్ళు. వయసు యాభైకి అటూ ఇటూ. ఎనభైల్లో దూరదర్శన్ స్టార్ ట్రెక్ వేసిన రోజుల్లో పక్కింటి కిటికీ ఊచలు పట్టుకుని చూసి, ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా స్పాక్ మొనదేరిన చెవుల్ని గుండెల్లో దాచుకుని పెరిగినవాళ్ళు. డాబా మీద యాంటెన్నా తిప్పేవాడు "వచ్చిందా?" అని అరిచి, కిందవాడు "ఇంకొంచెం!" అనేలోపు వ్యోమనౌక వెళ్ళిపోయేది. ఆ మిగిలిన ముక్క కోసం ఈనాటికీ వాదిస్తూనే ఉన్నారని నా అనుమానం.

నాకు బాగా తెలిసిన నమూనా మా పెద్ద తోడల్లుడుగారు.

ఆయన చర్చ మొదలుపెట్టేది అనర్హత వేటుతో. శక్తిమాన్ అన్నారా, "అది పురాణం." ఎక్స్‌ఫైల్స్? "పోలీసు కథ." స్ట్రేంజర్ థింగ్స్? "దెయ్యం కథకి లైటింగు పెట్టారు." మావాడు ధైర్యం చేసి బ్లాక్ మిర్రర్ పేరెత్తితే "అవి కథానికలురా, సిరీస్ ఎలా అవుతుంది?" అని కూర్చోబెట్టేశారు. పది నిమిషాల్లో నలుగురూ చూసినవన్నీ బరిలోంచి పోతాయి. మిగిలేవి ఆ గదిలో ఎవరూ చూడనివి. ఇక ఆయనకి ఎదురేముంది?

"బాబిలాన్ ఫైవ్ చూశావా?"

"లేదండి అన్నయ్యగారూ."

"చూడాలోయ్! మొదటి సీజన్ కాస్త నీరసం. రెండోదానికి ఓపిక పట్టాలి. మూడో సీజన్ నుంచి అందుకుంటుంది."

సీజనుకి 22 ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావుగంట. అది అందుకునేదాకా మనం పట్టాల్సిన ఓపిక 33 గంటలు. ఆపాటికి రైల్లో శ్రీకాకుళం వెళ్ళి తిరిగి రావచ్చు.

అయితే ఆయన చెప్పే వివరాలు గాలివి కావు. ఇంటికెళ్ళి సరిచూసుకుని మరీ ఓడిపోయాను. బాబిలాన్ ఫైవ్ మొత్తం 110 ఎపిసోడ్లయితే అందులో 92 మైకేల్ స్ట్రాజిన్‌స్కీ రాసినవే. 1959లో మొదలైన ట్విలైట్ జోన్‌లో 156 ఉంటే, రాడ్ సెర్లింగ్ కలం పడ్డవీ 92! ఈ సంగతి చెప్పి ఆయన మా అందరి మొహాలూ చూస్తారు. మా ఆవిడ "అయితే?" అంటుంది. "అయితే ఏంటమ్మా, 92!" అంటారు. ఆ క్షణంలో ఆ మొహంలో కనిపించే ఆనందాన్ని మాత్రం నేను ఎగతాళి చేయలేను.

అర్ధాంతరంగా ఆగిపోయిన సిరీస్ అంటే ఆయనకి ప్రాణం. 2002లో ఫాక్స్ వాళ్ళు ఫైర్‌ఫ్లై 14 ఎపిసోడ్లు తీయించి 11 మాత్రమే వేశారు, అందులోనూ మొట్టమొదటి కథని చిట్టచివర వేశారు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోతుంది. 1966 నాటి స్టార్ ట్రెక్‌ని రెండు సీజన్లకే మూసేస్తారని వినపడితే అభిమానులు ఉత్తరాలు గుమ్మరించి మూడోది తెప్పించుకున్నారు. (ఆ మూడో సీజనే అన్నిటికన్నా చప్పగా ఉంటుందని ఆయనే ఒప్పుకుంటారు. సిద్ధాంతానికి అదొక మినహాయింపట.) 2018లో ఎక్స్‌పాన్స్ ఆగిపోతే అభిమానులు చందాలేసుకుని అమెజాన్ స్టూడియో మీద బ్యానరు కట్టిన విమానం ఎగరేశారు. "మనం మన సీరియల్ కోసం ఒక్క కార్డు ముక్క రాశామా?" అని నిలదీస్తారు. దూరదర్శన్‌లో సురభికి లక్షల్లో రాశాం కదండీ అంటే, "అది బహుమతుల కోసం" అంటారు. అదీ నిజమే.

మన దేశపు సరుకు మీద చిన్నచూపు మాత్రం లేదు. 1989 నాటి ఇంద్రధనుష్‌లో కరణ్ జోహార్ చిన్న కుర్రాడిగా వేశాడనీ, 1998లో మిలింద్ సోమన్ కెప్టెన్ వ్యోమ్ అయ్యాడనీ ఆయన చెప్పగా విన్నవే. తెలుగులో ఏదీ లేదా అంటే మాత్రం కాసేపు గోడవైపు చూస్తారు. సింగీతం గారి ఆదిత్య 369 పేరు చెబితే కుర్చీలోంచి సగం లేస్తారు. కానీ అది సినిమా, పోటీకి రాదు. నిబంధన నిబంధనే.

మొన్న సంక్రాంతికి శ్రీకాకుళంలో మా అత్తగారింట పాతల్లుళ్ళం అందరం చేరాం. ఆయన డాక్టర్ హూ అందుకున్నారు. 1963 నవంబరు 23న, కెనెడీ హత్య జరిగిన మర్నాడు మొదలైందట. మూడేళ్ళకి ప్రధాన నటుడు విలియం హార్ట్‌నెల్‌కి ఒంట్లో బాగాలేకపోతే, డాక్టరు పాత శరీరం వదిలి కొత్త శరీరం ధరిస్తాడని కథలోనే ఏర్పాటు చేసి పాట్రిక్ ట్రౌటన్‌ని తెచ్చారు. "ఆ ఆలోచన చూడండి అత్తయ్యగారూ! దాంతో అరవై ఏళ్ళు నడిపారు."

అత్తగారు అరిసెలు సర్దుతూ విన్నారు. "మా సీరియల్లో మనిషి మారిపోతే కింద ఒక ముక్క రాసి పడేస్తారు బాబూ, ఇకమీదట ఈ పాత్రలో ఫలానా అని. దానికి ఇంత వెలుగూ పొగా ఎందుకు?"

"అందులో సైన్స్ ఉండాలి కదండీ."

"లేదేటి? కార్తీకదీపంలో ఆ డాక్టరుబాబు డీఎన్ఏ పరీక్ష కోసం ఎన్నేళ్ళు చూశాం! వారానికి ఆరేసి రోజులు!"

తోడల్లుడుగారు మొదటిసారి నిబంధనల పుస్తకంలో పేజీ వెతుక్కున్నారు. దొరకలేదు. ఆ మీదట బీబీసీ వాళ్ళు టేపులు చెరిపేసుకోవడం వల్ల పాత డాక్టర్ హూలో తొంభైకి పైగా ఎపిసోడ్లు పోయాయనీ, అసలు గొప్పవి అవేననీ చెప్పి పరువు దక్కించుకున్నారు. ఎవరూ చూడలేని ఎపిసోడ్‌ని మించిన సాక్ష్యం వాదనలో మరొకటి లేదు.

మా బామ్మర్ది ఆ పక్కనే తలొంచుకుని తింటున్నాడు. కేంద్ర బలగాల్లో జవాను. ఉద్యోగం బస్తర్‌లో, సుక్మా జిల్లా భేజ్జిలో. చింతూరు దాటి కుంట, అక్కణ్ణించి ఇంజరం, ఆపైన భేజ్జి. ఆ పేరు వింటే అత్తగారి చేతిలో పని ఆగిపోతుంది. 2017 మార్చిలో అక్కడ రోడ్డు పనికి కాపలాకెళ్ళిన 12 మంది జవాన్లు చనిపోయిన వార్త ఆవిడ మర్చిపోలేదు. వీడు మాత్రం ఆ దిక్కు మాటలేవీ తేడు. కుంట సంతలో తెలుగు చెల్లుతుందనీ, ఫోను సిగ్నలు బుద్ధి పుడితే వస్తుందనీ, ఇంతే.

తోడల్లుడుగారు బాటిల్‌స్టార్ గెలాక్టికాలోకి దిగారు. 2009లో ఐక్యరాజ్యసమితిలో దానిమీద చర్చ పెట్టారంటే ఎంతటి సిరీసో అర్థం చేసుకోమన్నారు. అంతటిదాన్ని ముగింపులో దేవుడి మీదికి నెట్టేసి చెడగొట్టారని అయిదు నిమిషాలు దుమ్మెత్తిపోశారు.

"నాకు బాగుంది బావా," అన్నాడు వీడు. "చివర్న వాళ్ళంతా దిగిన చోటు..."

"ఒరే! చెప్పకు!" తోడల్లుడుగారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. "నేనింకా రెండో సీజన్‌లోనే ఉన్నాను."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా ఆవిడ నెమ్మదిగా కూపీ లాగింది. బాబిలాన్ ఫైవ్ ఎంతవరకూ చూశారు బావగారూ? మొదటి సీజన్, తొమ్మిదో ఎపిసోడ్. మరి మూడో సీజన్ నుంచి అందుకుంటుందని? ఎవరో చెప్పారట. ఎక్స్‌పాన్స్? అది పెట్టుకున్నప్పుడల్లా నిద్రొస్తుందట, ఆఫీసు అలసట. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. రోజూ రాత్రి రెండు గంటలు ఏది గొప్పదో వాదిస్తే చూడ్డానికి మనిషికి తీరికెక్కడ?

బామ్మర్దికి అన్నీ చూసే తీరిక ఎలా వచ్చిందంటే, సెలవుకి వచ్చినప్పుడల్లా స్నేహితుడు నింపి ఇచ్చే హార్డ్‌డిస్కు, బ్యారక్‌లో ఒక్క ల్యాప్‌టాప్, ఆరుగురు ప్రేక్షకులు. వాళ్ళకి ఒకటే రూలట: ఒకడు డ్యూటీకెళితే బొమ్మ ఆగిపోవాలి, వాడు తిరిగొచ్చాకే మళ్ళీ నడవాలి. అలా గెలాక్టికా పూర్తవడానికి నాలుగు నెలలు పట్టింది. ఎక్స్‌పాన్స్ ఆరు సీజన్లూ వానాకాలంలో అయిపోయాయి.

"అయితే నువ్వు చెప్పరా, ఏది గొప్పది?" అన్నాను.

"ఏటి బావా, అన్నీ బాగున్నాయి," అని ఇంకో అరిసె తీసుకున్నాడు.

తోడల్లుడుగారికి కావలసిన సందు దొరికింది. "చూశావా? అందుకే అంటాను, మొత్తం చూసినవాడికి మమకారం పుట్టేస్తుంది, తీర్పుకి పనికిరాడు. హత్య కళ్ళారా చూసినవాణ్ణి సాక్షి అంటారు కానీ జడ్జీ అంటారా?"

ఇందులో లోపమెక్కడుందో నేనింకా వెతుకుతున్నాను.

కనుమ నాడు హార్డ్‌డిస్కులోవన్నీ ఆయన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి మరీ వెళ్ళాడు బామ్మర్ది. ఇప్పుడు వాడు భేజ్జిలో ఉన్నాడు. ఈయన నిజాంపేటలో ఉన్నారు. ఫైర్‌ఫ్లై ఫాక్స్ వేసిన వరసలో చూడాలా, తీసినవాళ్ళు అనుకున్న వరసలో చూడాలా అన్నది తేలాక మొదలుపెడతారట. దానిమీద రెండు పక్షాల వాదనా ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. ఈలోపు, ఆ హార్డ్‌డిస్కులోదే జర్మన్ సిరీస్ డార్క్ మీద మాత్రం ఆయన అభిప్రాయం స్థిరపడిపోయింది. మొదటి రెండు సీజన్లూ అద్భుతమట. మూడో సీజన్ నుంచి పాడుచేశారట.